సముద్రం వైపు 10 అడుగుల అద్దం: మూడేళ్ల తర్వాత

మా ఇల్లు అంతర్వేది వైపు. సరుగుడు తోట దాటితే సముద్రం. కింద రెండు పడకగదులు, పైన హాలు, వంటిల్లు. రెండంతస్తులూ కలిపినా 900 చదరపు అడుగులు లేవు. చిన్న ఇల్లు ఎలా కట్టుకోవాలో చెప్పేవారు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ లెక్కల్లోకి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది ఒక్క కిటికీ గురించి. హాలులో దక్షిణం గోడకు, సముద్రానికి ఎదురుగా పెట్టించిన 10 అడుగుల స్లైడింగ్ కిటికీ. దాని మీద నాకు ఇంత కోపం ఉందని మా ఆవిడకు కూడా ఈ మధ్యే తెలిసింది.

దక్షిణాన అద్దం అనగానే మా మేనమామ వాస్తు ఎత్తారు, స్నేహితులు ఎండతో భయపెట్టారు. ఎండ విషయంలో మాత్రం అద్దానిది తప్పు లేదు. మనం ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం దాటి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మంచి సన్‌షేడ్ ఉంటే ఆ నెలల్లో దక్షిణపు ఎండ లోపలికి రాదు. వచ్చేది సంక్రాంతి రోజుల్లో, అప్పుడు వద్దనేదెవరు?

ఉప్పు సంగతే ఎవరూ చెప్పలేదు. గాలి గట్టిగా వీచిన రెండు రోజులకే అద్దం మీద పాలపొర కడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే పోదు, అలుక్కుంటుంది. ముందు నీళ్లతో కడగాలి. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి అవి ఆరితే మళ్లీ తెల్లమచ్చలే. తాగడానికి పట్టుకున్న కుళాయి నీళ్లు బిందెతో మేడ మీదికి మోసి అద్దం కడుగుతున్నామంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. రోలర్లు ఏడాదిన్నరకే తుప్పు పట్టి, కిటికీ జరపాలంటే ఇద్దరం కావలసి వచ్చింది.

అసలు కథ 2025 అక్టోబరు 28న జరిగింది. ఆ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మేం మధ్యాహ్నమే తాళం వేసి రాజోలులో మా చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాం. తిరిగి వచ్చి చూస్తే హాలంతా నీళ్లు. మెట్ల మీదుగా దిగి కింద పడకగదిలో పరుపు అడుగు కూడా తడిపేశాయి. స్లాబు కారలేదు. అద్దం చెక్కుచెదరలేదు, గొళ్లెం వేసింది వేసినట్టే ఉంది. మరి నీళ్లు ఎటు నుంచి వచ్చాయి? సిలికాన్ ఊడిందన్నాడు కిటికీ బిగించిన కుర్రాడు. చుట్టూ మళ్లీ పూసి డబ్బు పుచ్చుకుని వెళ్లాడు.

తర్వాత వచ్చిన ఒక గాలివానలో కిటికీ పక్కనే కింద కూర్చున్నాను. కింది ట్రాక్‌లో పడిన వాన బయటికి పోవడానికి ఫ్రేముకు వేలెడు పొడవు సన్నని బెజ్జాలు ఉంటాయి. గాలి ఎదురుగా కొడుతుంటే ఆ నీరు బయటికి పోవడం లేదు. బెజ్జాల్లోంచి గాలే లోపలికి తోసుకొస్తోంది. ట్రాక్‌లో నీళ్లు అన్నం ఉడికినట్టు బుడబుడమని పొంగి, అంచు దాటి హాలులోకి చిమ్ముతున్నాయి. నీళ్లు పోవడానికి పెట్టిన దారే నీళ్లు రావడానికి దారయింది.

ఇంకో మాట. పది అడుగుల కిటికీ అని మురిసిపోయాం కానీ, స్లైడింగ్ కాబట్టి ఎప్పుడూ తెరుచుకునేది సగమే. ఇంటిని చల్లగా ఉంచుతున్నది నిజానికి మెట్లగది పైన ఉత్తరం వైపు మేస్త్రి తనంతట తాను వదిలిన రెండు చిన్న వెంటిలేటర్లు. కిటికీలోంచి వచ్చిన సముద్రపు గాలిని అవే లాగుతాయి. వాటిని మూసి చూడండి, హాలు ఉడికిపోతుంది. ఆ రెంటికీ అయిన ఖర్చు అద్దం ఖర్చులో ఏ మూలకీ రాదు.

కొత్తలో “మాకు ఏసీ అవసరమే లేదు” అని చుట్టాలందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు గానీ, గాలి పడిపోయిన మే నెల రాత్రుల్ని లెక్కలోకి తీసుకోలేదు. మొన్న వేసవిలో కింద గదికి ఒకటి పెట్టించాం. సోలార్ గురించి కూడా గొప్పలు పోయాను. తుపాను తర్వాత కరెంటు లేనన్నాళ్లూ, ఎండ కాస్తున్నా ప్యానెళ్లు పనిచేయలేదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, లైను పోతే లైన్‌మెన్ భద్రత కోసం తనూ ఆగిపోతుందట. బిల్లు తగ్గిన మాట మాత్రం నిజం.

మళ్లీ కడితే నాలుగు చిన్న రెక్కల కిటికీలు పెట్టిస్తాను. మూస్తే రబ్బరుకు అదుముకుని బిగుస్తాయి, తెరిస్తే పూర్తిగా తెరుచుకుంటాయి. మరలు, మడతబందులు ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే అడుగుతాను. అయితే మేమిద్దరం రిటైరై ఇక్కడే ఉంటున్నాం కాబట్టి ఈ అద్దంతో వేగుతున్నాం. తాళం వేసి హైదరాబాదులో ఉండేవారికి సంగతి వేరు. తీరానికి నాలుగైదు కిలోమీటర్లు లోపల ఉన్నవారికి ఈ బాధ ఇంత ఉండకపోవచ్చు.

మార్పించడానికి ధర కనుక్కున్నాను. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. భీష్మ ఏకాదశి రథోత్సవానికి వచ్చిన చుట్టాలంతా ఆ అద్దం ముందు నిలబడే ఫోటోలు దిగారు. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పది బిందెల నీళ్లు మోసింది నేను.