సాగర్ నుంచి అలంపురం దాకా: బఫేలు, మెస్సులు, మా ఇంట్లో తెగని పంచాయితీ

నల్లగొండలో బయల్దేరి నాగార్జునసాగర్, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా అలంపురం దాకా కారులో వెళ్లొచ్చాం. మా అక్క, బావ, వాళ్ల పిల్లలు, మా పెద్దనాయన, మా ఆవిడ, నేను. చూసిన చోట్ల గురించి పేచీ లేదు, అన్నీ అందరికీ నచ్చాయి. తిన్న చోట్ల గురించే ఇప్పటికీ తెగలేదు. ఒకే టేబుల్ మీద తిని లేచినవాళ్లలో ఒకరు బ్రహ్మాండం అంటే ఇంకొకరు డబ్బులు దండగ అన్నారు. ఇటు వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఎవరేమన్నారో రాస్తున్నాను, నా అభిప్రాయం కూడా దాచుకోను.

పెద్ద గొడవ సాగర్ వెళ్లే దారిలో ఒక బఫే దగ్గర జరిగింది. ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర దాటింది. వేడినీళ్ల మీద పెట్టిన స్టీలు గిన్నెలు వరసగా ఉన్నాయి. పనీర్ బటర్ మసాలా మీద నూనె తేలి, గిన్నె అంచుల వెంట గ్రేవీ ఎండి అట్టకట్టింది. గోబీ మంచూరియా మెత్తబడిపోయింది. బిర్యానీలో ముక్కలన్నీ ముందొచ్చినవాళ్లు ఏరుకోగా అడుగున అన్నం మిగిలింది. పప్పు, సాంబారు మాత్రం బాగున్నాయి. పెద్దనాయన పెరుగన్నం తప్ప ఏదీ ముట్టలేదు, ఆయనకూ ఫుల్ రేటే పడింది.

"ఈ రేటుకు ఇన్ని ఐటమ్స్ ఎక్కడొస్తయి?" అన్నాడు బావ. "ఇన్నిట్ల ఒక్కటన్న వేడిగున్నదా?" అంది అక్క. పిల్లలు మాత్రం గులాబ్ జామూన్, ఐస్‌క్రీం రెండు రెండు సార్లు వేసుకుని హుషారుగా ఉన్నారు.

మేం చేతులు కడుక్కుంటుండగా ఓ టూరిస్టు బస్సు వచ్చి ఆగింది. అప్పుడు లోపల్నుంచి పొగలు కక్కే బిర్యానీ తెచ్చి గిన్నె నింపారు, కొత్తగా అప్పడాలు వేయించారు. ఆ బస్సులో వాళ్లను అడిగితే ఆ హోటల్ గురించి మంచిగానే చెబుతారు, అందులో అబద్ధమేమీ ఉండదు. ఒకే హోటల్ మీద మంచీ చెడూ రెండూ వినపడటానికి సగం కారణం వేళ, గిరాకీ. పప్పు, పులుసు, పులావు లాంటివి గిన్నెలో కాసేపు నిలబడతాయి. వేపుళ్లు, రొట్టెలు, దోశలు నిలబడవు, పది నిమిషాల్లో వాటి పని అయిపోతుంది. వండిన కూరను 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలన్నది ఆరోగ్యం దృష్ట్యా కూడా ముఖ్యం. మూత తీస్తే ఆవిరి రాని మాంసం కూరను నేనైతే వదిలేస్తాను. బఫేకే వెళ్లాలనుకుంటే పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళ్లండి. లేదంటే ప్లేటు భోజనం అడగండి.

సాగర్‌లో మాత్రం చేపలు తినాలి. డ్యాం కట్టడం 1955లో మొదలుపెట్టి 1967లో పూర్తిచేశారు. అప్పుడు పనివాళ్ల కోసం వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో ఇప్పుడు చిన్న హోటళ్లున్నాయి. రవ్వ, బొచ్చె చేపల ముక్కలకు కారం పట్టించి మన ముందే వేయించి ఇస్తారు. యాత్ర మొత్తంలో ఇదే బెస్ట్ అంది మా ఆవిడ. నూనె నల్లబడిందని అక్క ముట్టుకోలేదు. ఆమె అన్నదీ నిజమే, మూకుడు చూసి ఎంచుకోవాలి. మేం నాలుగు అడుగులు వేసి పక్క కొట్టుకు వెళ్తే నూనె తేటగా ఉంది, చేప కూడా తాజాగా ఉంది. నాగార్జునకొండకు లాంచీ ఎక్కేవాళ్లు పొద్దున్నే కడుపు నింపుకుని వెళ్లండి, తిరిగొచ్చేసరికి ఆకలి మండిపోతుంది. 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం సాయంత్రానికి పెట్టుకుంటే ఎండ బాధ ఉండదు.

దేవరకొండ, డిండి, కల్వకుర్తి దారిలో టీ తప్ప ఏమీ తాగలేదు, తినలేదు.

మహబూబ్‌నగర్‌లో రాత్రి దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, గీజర్ పనిచేసింది. టిఫిన్ అద్దెలోనే కలిపారు. ఉప్మా, పల్లి చట్నీ బాగున్నాయి, ఇడ్లీ చల్లారి గట్టిపడింది. పిల్లలమర్రి చూసుకుని వచ్చాక మధ్యాహ్నం ఒక చిన్న మెస్సుకు వెళ్లాం. ఏసీ లేదు, కూర్చోవడానికి బెంచీలే. ఒక పెద్దమ్మ జొన్నపిండి వేడినీళ్లతో కలిపి, ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పుతుంటే రొట్టె పెరుగుతూ పోయింది. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్ది, తిరగేసి, చివరికి నిప్పుల దగ్గర పెట్టగానే బుస్సున పొంగింది. దాంతోపాటు నాటుకోడి కూర, పచ్చిపులుసు. మిరపకాయలు కాల్చి చింతపండు రసంలో పిసికి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, కొంచెం నువ్వుల పొడి వేశారు. పెద్దనాయన మొదటిసారి అడిగి మరీ రెండో రొట్టె పెట్టించుకున్నాడు. నాకైతే అంత తృప్తిగా తిన్న భోజనం ఈ యాత్రలో ఇంకొకటి లేదు.

అయినా బావకు నచ్చలేదు. "పిల్లలేం తినాలె ఇక్కడ?" అన్నాడు. నిజంగానే వాళ్లు కారం తట్టుకోలేక ఆమ్లెట్‌తో సరిపెట్టుకున్నారు. చేతులు కడుక్కునే చోటు కూడా అంత నీట్‌గా లేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి వచ్చేవాళ్లకు ఈ ఇబ్బంది ఉంటుంది.

రాత్రి ఒక ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్‌లో బిల్లు మీద 5 శాతం జీఎస్టీతో పాటు సర్వీస్ చార్జి కూడా వేశారు. జీఎస్టీ కట్టాల్సిందే. సర్వీస్ చార్జి మాత్రం మన ఇష్టం. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. నలుగురిలో ఏం అడుగుతాంలే అని బావ సర్దుకోబోయాడు. అక్క ఊరుకోలేదు, మేనేజర్‌ను పిలిచి మర్యాదగానే అడిగింది. మాట్లాడకుండా తీసేసి కొత్త బిల్లు ఇచ్చారు. మీరూ అడగండి.

గద్వాలలో పొద్దున ఉగ్గాని (బొరుగులతో చేసే రాయలసీమ టిఫిన్), మిరపకాయ బజ్జీ తిన్నాం. తుంగభద్ర దాటితే కర్నూలే కాబట్టి ఆ రుచి ఇటు కూడా ఉంది. దీని మీద ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద నిలబడ్డారు. అలంపురంలో జోగులాంబ దర్శనం, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు తీరిగ్గా చూడటానికి సగం రోజు పెట్టుకోండి.

దారి పొడుగునా చూసిన బఫేలన్నిట్లో ఒకటే వరస, పనీరు, మంచూరియా, నూడుల్స్. జొన్న పండే పాలమూరులో జొన్నరొట్టె కనపడలేదు, పచ్చిపులుసు ఊసే లేదు. బయటి ఊరివాళ్లు ఇక్కడిదాకా వచ్చి మన వంట రుచి చూడకుండా వెళ్లిపోతుంటే నాకు నిజంగా బాధగా ఉంది. దోశకు లైవ్ కౌంటర్ పెట్టినవాళ్లు ఆ పక్కనే ఒక పెనం, ఒక పీట వేసి రొట్టెలు కొట్టించలేరా? పచ్చిపులుసుకైతే మిరపకాయలు కాల్చుకుంటే చాలు, కౌంటర్ దగ్గర పొయ్యి కూడా అక్కర్లేదు, వేడిగా ఉంచాల్సిన బాధే లేదు. ఈ మాట బావతో అంటే, "కారం తక్కువ పెడితే పిల్లలు కూడా తింటరు" అన్నాడు. అట్లాంటి బఫే ఉంటే ఆయన వెంట నేనూ వెళ్తాను, ఆదివారం ఒంటిగంట లోపే.