పెద్ద మీటింగా, చిన్న మీటింగా, సమ్మర్ స్కూలా, ఆన్‌లైనా: న్యూరోసైన్స్ స్టూడెంట్‌కి ఏది మేలు?

జనవరి నుంచి మార్చి దాకా న్యూరోసైన్స్‌లో ఉన్న ఎవరి మెయిల్ తెరిచినా ఇదే గోల. ఈ స్కూల్‌కి అప్లికేషన్లు మొదలయ్యాయి, ఆ మీటింగ్‌కి అబ్‌స్ట్రాక్ట్ (చేసిన పని గురించి చిన్న సారాంశం) గడువు పొడిగించారు, ఫలానా ట్రావెల్ గ్రాంట్‌కి రేపే ఆఖరు. చదువుతుంటే అన్నిటికీ వేసెయ్యాలనిపిస్తుంది, కానీ చాలామందికి ఏడాదికి ఒక ప్రయాణానికే డబ్బులు దొరుకుతాయి, గైడ్ కూడా ఒకసారే వెళ్ళమంటారు, రెండోసారి అడిగితే మొహం చూస్తారు. కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఇక్కడే మన జూనియర్స్ ఎక్కువమంది ఒకే లెక్క వేస్తారు, ఏది పెద్దది, ఏది పేరున్నది, అందరూ ఎక్కడికి పోతున్నారు అని. నా లెక్క వేరు. అక్కడ మీకు తెలియని ఒక మనిషి మీ పని మీద గానీ మీ మీద గానీ ఎంతసేపు కూర్చుంటాడు? నేను చూసేది అదొక్కటే, మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు పెద్ద మీటింగ్. అంటే ఎస్ఎఫ్ఎన్, సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ వాళ్ళ వార్షిక సమావేశం. సొసైటీ పుట్టింది 1969లో, మొదటి మీటింగ్ 1971లో వాషింగ్టన్‌లో, అప్పుడు వచ్చింది 1,400 మంది దాకా. ఇప్పుడు 20 వేలకు పైనే వస్తారు, ఒకప్పుడు 30 వేలు దాటిన ఏళ్ళు కూడా ఉన్నాయి. శాన్ డియెగో, వాషింగ్టన్, చికాగో, ఎక్కువగా ఈ మూడూళ్ళ మధ్యే తిరుగుతుంది ఎందుకంటే అంతమందిని పట్టే కన్వెన్షన్ సెంటర్లు ఎక్కడపడితే అక్కడ ఉండవు. యూరప్‌లో దీనికి జోడీ ఫెన్స్ ఫోరమ్ (ఫెన్స్ అంటే అక్కడి న్యూరోసైన్స్ సొసైటీల సమాఖ్య), రెండేళ్ళకోసారి, 2024లో వియన్నాలో అయ్యింది, 2026ది బార్సిలోనాకి ఇచ్చారు. అక్కడా జనం వేలల్లోనే గానీ ఎస్ఎఫ్ఎన్ అంత కాదు, కొంచెం ఊపిరాడుతుంది.

ఎస్ఎఫ్ఎన్ అంటే జాతరే అనుకోండి. పోస్టర్ అంటే మీ పనంతా ఒక పెద్ద షీట్ మీద వేసి బోర్డుకి తగిలించి వచ్చినవాళ్ళకి చెప్పడం. ఆ పోస్టర్ హాల్‌లో వరసలకి అక్షరాలు, బోర్డులకి నంబర్లు, మీ బోర్డు వెతుక్కోడానికే పావుగంట. ఒక పూట సెషన్ నాలుగు గంటలు, అందులో కనీసం ఒక గంట ప్రెజెంటర్ బోర్డు దగ్గరే నిలబడాలి. వచ్చేవాళ్ళు ఎలా వస్తారో చూడండి, ముందు టైటిల్, తర్వాత మీ మెడలో బ్యాడ్జ్, బ్యాడ్జ్ మీద ల్యాబ్ పేరు తెలిసినదైతే ఆగుతారు, లేకపోతే కళ్ళు అలా గ్రాఫుల మీదికి జారి పక్క బోర్డుకి పోతాయి. ఆగినవాళ్ళు కూడా "రెండు నిమిషాల్లో చెప్పండి" అంటారు, మీరు మూడో ఫిగర్ దాకా వచ్చేసరికి వాళ్ళ ఫోన్‌లో ఇంకో సింపోజియమ్ రిమైండర్ మోగుతుంది. వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు, వేల పోస్టర్లున్న చోట ఎవరైనా అంతే.

ఇంకో సంగతి, అక్కడ పోస్టర్ దొరకడం పెద్ద విషయమేం కాదు. మెంబర్‌షిప్ ఉండాలి, అబ్‌స్ట్రాక్ట్ టైమ్‌కి ఇవ్వాలి, పద్ధతిగా రాసి ఉండాలి, అంతే, చాలావరకు తీసేసుకుంటారు. అందుకే పోస్టర్ వచ్చిందన్న సంతోషంలో ఆ ఏడాది ప్రయాణం డబ్బంతా అక్కడ పెట్టేస్తారు. పైగా మీటింగ్ నవంబర్‌లో అయితే అబ్‌స్ట్రాక్ట్ దాదాపు ఐదారు నెలల ముందే ఇచ్చెయ్యాలి. ఆ టైమ్‌కి మొదటి రెండేళ్ళ స్టూడెంట్ దగ్గర ఉండేదేంటి? రెండు మంచి రికార్డింగులు, బోలెడంత ఆశ. "మా ఫలితాలు చర్చిస్తాం" లాంటి వాక్యంతో అబ్‌స్ట్రాక్ట్ ముగించి, ఆ ఫలితాలు వస్తాయో రావో అని నవంబర్ దాకా టెన్షన్ పడటం.

మరి దండగేనా అంటే కాదు. పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో ఉండి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగం) వెతుక్కునేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు. పది ల్యాబుల పీఐలు, అంటే ల్యాబ్ నడిపేవాళ్ళు, ఒకే ఊళ్ళో ఒకే వారం ఉంటారు, ముందే మెయిల్ పెట్టి "ఇరవై నిమిషాలు కాఫీకి కలుద్దామా" అని అడిగితే చాలామంది సరే అంటారు, మంచి బయోడేటా కంటే ఆ ఇరవై నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న స్టూడెంట్లని వాళ్ళ పోస్టర్ల దగ్గరే పట్టుకుని మీ గైడ్ ఎలాంటివాడు అని అడగొచ్చు కూడా, ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండని సమాచారం అది. ఎగ్జిబిట్ హాల్ ఇంకోటి, మీ ల్యాబ్ కొనాలనుకుంటున్న మైక్రోస్కోప్‌నో ప్రోబ్‌నో చేత్తో పట్టుకుని చూడొచ్చు, అమ్మేవాణ్ణి నిలదీయొచ్చు. ఎస్ఎఫ్ఎన్ వాళ్ళదే న్యూరోజాబ్స్ అని ఉద్యోగాల బోర్డు ఉంది, అది మాత్రం ఇంట్లో కూర్చుని కూడా చూడొచ్చు, దానికోసం టికెట్ అక్కర్లేదు.

చిన్న మీటింగ్ సంగతి వేరు. గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్స్‌లు 1931 నుంచి నడుస్తున్నాయి, ఒక్కో సబ్జెక్టుకి సాధారణంగా రెండేళ్ళకోసారి, డెండ్రైట్ల (న్యూరాన్ కొమ్మల) మీద ఒకటి, మెదడు లోపలుండే బేసల్ గాంగ్లియా మీద ఒకటి, ఇలా. జనం కాస్త అటూ ఇటూగా రెండొందల లోపే, అందరూ ఒకేచోట తిని ఒకేచోట పడుకుంటారు, ఫోటోలు తీయకూడదు, రికార్డింగ్ లేదు, అక్కడ విన్నది బయట కోట్ చెయ్యకూడదు. ఈ రూల్ వల్లే జనం ఇంకా పబ్లిష్ కానిది, సగం విరిగినది, "ఇది ఎందుకిలా వస్తోందో మాకు అర్థం కావట్లేదు" అన్నది కూడా చూపిస్తారు. ముందు శని, ఆదివారాల్లో స్టూడెంట్లకీ పోస్ట్‌డాక్‌లకీ మాత్రమే గోర్డన్ రీసెర్చ్ సెమినార్ ఉంటుంది, పీఐల ముందు నోరు తెరవడానికి భయపడేవాళ్ళకి అది వరం, సోమవారం పొద్దునకల్లా ముప్పై నలభై మొహాలు తెలిసిపోయి ఉంటాయి.

కంప్యుటేషన్ వైపు వాళ్ళకి కోసైన్ అనే మీటింగ్ ఉంది, 2004లో మొదలైంది. మెయిన్ మీటింగ్‌లో ఒకే హాల్, ఒకే టాక్, అందరూ అదే వింటారు, కాబట్టి సాయంత్రం పోస్టర్ల దగ్గర అందరికీ మాట్లాడుకోడానికి ఒక ఉమ్మడి సరుకు ఉంటుంది. ఇక్కడ రెండు పేజీల సబ్మిషన్‌ని రివ్యూయర్లు నిజంగా చదువుతారు, తిరస్కరిస్తారు కూడా. దానికి బాధపడొద్దు, మీ గైడ్ కాని మనిషి మీ పని చదివి మార్కులేశాడు, అది కూడా ఒక రకం కూర్చోడమే.

ఇక సమ్మర్ స్కూల్. నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. అమెరికాలో ఉడ్స్ హోల్‌లో మెరైన్ బయలాజికల్ లాబరేటరీ న్యూరోబయాలజీ కోర్సు 1970 నుంచి నడుస్తోంది, ఎనిమిది వారాలు. ఫెన్స్ తోడుతో నడిచే కహాల్ కోర్సులు బోర్డో, లిస్బన్‌లలో, సుమారు మూడు వారాలు, ఇరవై మంది స్టూడెంట్లు. జపాన్‌లో ఒకినావా కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ కోర్సు 2004 నుంచి ఉంది, కేప్ టౌన్ దగ్గర ఇబ్రో, సైమన్స్ ఫౌండేషన్ కలిసి నడిపే ఇంబిజో అనే స్కూల్ 2017లో మొదలైంది. ఇబ్రో అంటే 1961లో పుట్టిన అంతర్జాతీయ బ్రెయిన్ రీసెర్చ్ సంస్థ, ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో చిన్నచిన్న స్కూళ్ళకి కూడా వాళ్ళే డబ్బిస్తారు, వాటికి పోటీ కొంచెం తక్కువ, మనవాళ్ళు వాటిని చూడనే చూడరు.

అక్కడ జరిగేది ఒక రాత్రి చూస్తే చాలు. ప్యాచ్ రిగ్ (సన్నని గాజు పిపెట్‌ని ఒక సెల్‌కి అతికించి దాని కరెంట్ కొలిచే సెటప్) ముందు ఇద్దరు స్టూడెంట్లు, వెనక స్టూల్ మీద ఒక ఫ్యాకల్టీ, ఆయన పేపర్లు వీళ్ళు ఫస్ట్ ఇయర్ నుంచి చదువుతున్నవే. పిపెట్ సెల్ దగ్గరికి వస్తుంది, పాజిటివ్ ప్రెషర్‌కి మెంబ్రేన్ మీద చిన్న గుంట పడుతుంది, ప్రెషర్ వదిలి నోటితో మెల్లగా లాగాలి, స్క్రీన్ మీద రెసిస్టెన్స్ వంద మెగా ఓమ్‌లు, మూడొందలు, ఎనిమిదొందలు, గిగాకి పోతోంది (అంటే పిపెట్ సెల్‌కి గట్టిగా అతుక్కోబోతోంది) అనగా చెయ్యి కదిలి మొత్తం జారిపోతుంది. మళ్ళీ కొత్త పిపెట్. ఆయన ఏమీ అనడు, మూడోసారి మాత్రం "లాగడం ఆపి ఒక్క క్షణం ఆగు, దానంతటదే వస్తుంది" అంటాడు, వస్తుంది. 1976లో నేహర్, సాక్మన్ ప్యాచ్ క్లాంప్‌తో ఒక్క అయాన్ ఛానెల్ కరెంట్‌ని చూపించినప్పటి నుంచీ ఈ పని పుస్తకం చూసి ఎవరికీ రాలేదు, పక్కన కూర్చున్న మనిషి వల్లే వస్తుంది. అలాంటి మూడు వారాల తర్వాత ఆ ఫ్యాకల్టీ మీ గురించి లెటర్ రాస్తే అందులో మీ మార్కులుండవు, మీరు రాత్రి పదకొండింటికి ఎలా ఆలోచిస్తారో ఉంటుంది.

నష్టం కూడా చెప్పాలి. మూడు వారాలో ఎనిమిది వారాలో మీ సొంత ఎక్స్‌పరిమెంట్లు ఆగిపోతాయి, ఎలుకలకి ట్రైనింగ్ ఇస్తున్నవాళ్ళకి అది మామూలు దెబ్బ కాదు, కాలనీ చూసుకోడానికి ఎవరో ఒకరు దొరకాలి. చిన్నపిల్లలున్నవాళ్ళకి దాదాపు కుదరదు, ఇది స్కూళ్ళ వాళ్ళు ఇంకా సరిగ్గా ఆలోచించని విషయం. పోటీ కూడా గట్టిదే, ఇరవై సీట్లంటే ఇరవై సీట్లే.

ఇక్కడే ఆన్‌లైన్ వస్తుంది. న్యూరోమ్యాచ్ అకాడమీ 2020లో, కోవిడ్ వల్ల సమ్మర్ స్కూళ్ళు వరసపెట్టి రద్దవుతున్నప్పుడు మొదలైంది, మొదటి ఏడే 1,700 మందికి పైగా స్టూడెంట్లు. మూడు వారాలు, పైథాన్, పది మందికి అటూ ఇటూగా ఉండే పాడ్, దానికో టీచింగ్ అసిస్టెంట్, ఫీజు మీరుండే దేశాన్ని బట్టి, కట్టలేనివాళ్ళకి మాఫీ అడిగే దారి కూడా ఉంది. కోడ్ నోట్‌బుక్ తెరిస్తే మధ్యమధ్యలో ఖాళీలు, నింపకుండా రన్ చేస్తే ఎర్రగా నాట్ ఇంప్లిమెంటెడ్ ఎర్రర్ మొహాన కొడుతుంది, పాడ్‌లో ఇద్దరు కలిసి అది నింపేదాకా ముందుకి పోరు. మెటీరియల్ అంతా ఫ్రీగా నెట్‌లో ఉంది కదా, మరి అప్లై చెయ్యడం దేనికి అంటారు కొందరు. అది పాడ్ కోసమే. ఒంటరిగా మొదలుపెట్టినవాళ్ళు రెండో వారం దాకా వెళ్ళడం నేను చాలా తక్కువ చూశా. ఇంకో మాట, ఇది రోజంతా పని, పగలు ల్యాబ్ చూసుకుని రాత్రికి వీడియోలు చూద్దాం అనుకుంటే తేలదు, గైడ్ దగ్గర ముందే సెలవు తీస్కోండి.

ఆన్‌లైన్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ప్రాజెక్ట్ భాగం. 2019లో స్టైన్‌మెట్జ్, ఆయన తోటివాళ్ళు న్యూరోపిక్సెల్స్ అనే ప్రోబ్‌లతో ఎలుకల్లో 42 బ్రెయిన్ రీజియన్ల నుంచి రికార్డ్ చేసిన సుమారు 30,000 న్యూరాన్ల డేటా ఉంది కదా, దాని మీద ప్రాజెక్టులు చేయిస్తారు. రిగ్ లేనివాళ్ళు, ల్యాబ్‌లో డబ్బు లేనివాళ్ళు కూడా నిజమైన డేటా మీద నిజమైన ప్రశ్న వెయ్యొచ్చు. ఇప్పుడు ఇలాంటివి పెరిగాయి, 2024లో పండ్ల ఈగ మెదడు మొత్తం మ్యాప్ వచ్చింది, 139,255 న్యూరాన్లు, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఆన్‌లైన్‌కి లోటు ఏంటంటే స్క్రీన్ మూసేశాక మనుషులు జారిపోతారు. పాడ్ గ్రూప్‌లో మొదటి నెల మెసేజ్‌లు బోలెడు, తర్వాత పండగ విషెస్. దాన్ని నిలబెట్టుకోవాలంటే ప్రాజెక్ట్‌ని ప్రిప్రింట్ (జర్నల్ రివ్యూ కాకముందే నెట్‌లో పెట్టే పేపర్) దాకా లాగే ఒక మొండిమనిషి పాడ్‌లో ఉండాలి, లేకపోతే ఆ మొండిమనిషి మీరే అవ్వాలి.

వీసా సంగతి మర్చిపోకండి. చాలామందికి అసలు నిర్ణయం అదే చేస్తుంది. పోస్టర్ ఓకే అని లెటర్ వచ్చేది మీటింగ్‌కి కొన్ని నెలల ముందు, వీసా ఇంటర్వ్యూ డేట్ దొరికేది కొన్నిచోట్ల మీటింగ్ అయిపోయాక. ట్రావెల్ గ్రాంట్లు కూడా చాలావాటికి ముందు మీ జేబులోంచి పెట్టి తర్వాత బిల్లులు చూపించి తెచ్చుకోవాలి, స్టూడెంట్ క్రెడిట్ కార్డ్ మీద అది నెలల తరబడి కూర్చుంటుంది. అప్లై చేసేటప్పుడే "ముందుగా ఇస్తారా" అని ఒక్క లైన్ మెయిల్ పెట్టండి, కొన్నిచోట్ల హోటల్, టికెట్ వాళ్ళే బుక్ చేస్తారు, అడగనివాళ్ళకి ఆ సంగతే తెలీదు.

నన్నడిగితే మొదటి రెండేళ్ళలో పెద్ద మీటింగ్ వద్దు. సీటొస్తే సమ్మర్ స్కూల్, రాకపోతే, వీసా కుదరకపోతే న్యూరోమ్యాచ్, ఈ రెండింటి మధ్య పెద్ద ఆలోచన అక్కర్లేదు. చెప్పుకోడానికి ఒక కథ తయారై, అందులో ఒక చిక్కుముడి మిగిలి ఉన్న టైమ్‌లో గోర్డన్ లాంటి చిన్న మీటింగ్, ఎందుకంటే ఆ ముడి విప్పగలిగినవాడు ఆ రెండొందల మందిలో ఉండే అవకాశం ఎక్కువ. పెద్దది ఆఖరి ఏడాదికి. ఇందులో ఒక్క మినహాయింపు, పెద్ద మీటింగ్ మీరున్న ఊరికే వస్తే ఏ ఏడాదిలో ఉన్నా వెళ్ళండి, పోస్టర్ లేకపోయినా పర్లేదు, నడిచి చూసి రండి.

స్కూల్‌కి వేసేవాళ్ళు గైడ్‌ని లెటర్ గడువుకి నెల ముందు అడగండి. అడిగినప్పుడు ఊరికే లింక్ పంపకుండా, ఆ కోర్సులో ఏ టెక్నిక్ నేర్చుకుని తిరిగొచ్చి మన ల్యాబ్‌లో ఏ ఎక్స్‌పరిమెంట్ చేస్తారో నాలుగు లైన్లు రాసివ్వండి, సెలక్షన్ కమిటీ వెతికేది అదే, సెలవివ్వాలా వద్దా అని గైడ్ ఆలోచించేది కూడా దాన్ని బట్టే.