ఎక్కువసార్లు మోగిందా, కూర్చోబెట్టి వినిపించుకుందా: ఈ ఏడాది ఆల్బమ్ ఏది?

పాటలు వినే యాప్ ఏడాది చివర్లో ఒక లెక్క చూపిస్తుంది. ఇన్ని గంటలు విన్నారు, అన్నిటికన్నా ఎక్కువగా విన్నది ఇదీ అని. ఈసారి నా లెక్కలో అన్నిటికన్నా పైనున్నది ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’. చూడగానే ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ ఆల్బమ్ మీద నాకేం కోపం లేదు. కానీ అది మోగిన రోజుల్లో సగం నేను గిన్నెలు కడుగుతున్నాను, తక్కిన సగం మెయిళ్ళకు జవాబులు రాస్తున్నాను. అదీ వినడమేనా?

అందుకని ఆ లెక్క పక్కనపెట్టి, ఏడాదంతా మనసులో మెదిలిన మూడు ఆల్బమ్‌లని మళ్ళీ మొదటినుంచీ విన్నాను. మూడూ పాతవే. మూడింట్లోనూ పాట లేదు, వాద్యాలే. మూడూ ఏదో మేరకు మనోధర్మం మీద, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం మీద, నడిచేవే. పక్కపక్కన పెట్టి తూచడానికి ఆమాత్రం చుట్టరికం చాలనుకున్నాను.

లెక్కలో గెలిచినదాని సంగతి ముందు. ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ 1967 నాటిది. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్, మాణిక్‌రావ్ పోపట్కర్ తబలా. కశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరికి తెల్లవారడం నుంచి రాత్రి దాకా రోజెలా గడుస్తుందో రాగాల్లో చెప్పాలన్నది ఆలోచన. అహిర్ భైరవ్‌తో పొద్దు పొడుస్తుంది, పహాడీతో ముగుస్తుంది. కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవికి అహిర్ భైరవ్‌లో చక్రవాకం పలుకుతుంది, భూప్ అయితే మన మోహనే. కాబట్టి హిందుస్తానీకి కొత్తవాళ్ళకు ఇంతకన్నా మంచి గుమ్మం దొరకడం కష్టం. పైగా సంతూర్ అంటే తీగల మీద చిన్న పుల్లలతో కొట్టే వాద్యం, కొట్టిన స్వరం కొట్టినట్టే ఆరిపోతుంది. అలాంటిదానితో రాగాన్ని జారించి, సాగదీసి వినిపించడమంటే మాటలు కాదు.

నా ఫిర్యాదు వేరే. రాగం ఇంకా కళ్ళు నులుముకుంటూ ఉండగానే పూట మారిపోతుంది. ఒక్క రాగాన్ని గంటసేపు విప్పగలిగిన విద్వాంసులు ఇక్కడ నిమిషాలు చూసుకుని వాయించారు. ఎక్కడా ఒరుసుకోదు, ఎక్కడా ఆపి ఇటు చూడమనదు. అందుకే గిన్నెలు కడుగుతూ వినగలిగాను.

‘కోల్న్ కాన్సర్ట్’ దగ్గర ఆ పప్పులు ఉడకవు. 1975 జనవరి 24 రాత్రి 11:30 గంటలకు, జర్మనీలోని కోల్న్ ఆపెరా హాల్లో జాజ్ పియానో వాద్యకారుడు కీత్ జారెట్ ఒక్కడే పియానో ముందు కూర్చున్నాడు. ముందుగా రాసుకున్నది దాదాపు ఏమీ లేదు. అడిగిన పియానో బదులు వేదిక మీద రిహార్సల్స్‌కి వాడే చిన్నది ఉంది. పైస్థాయి రేకు డబ్బాలా మోగేది, మంద్రంలో బలం లేదు, పెడళ్ళు సరిగా పనిచేయవు. ఆయనకేమో నడుం నొప్పి. వాయించనని వెళ్ళిపోబోతే, ఆ కచేరీ ఏర్పాటు చేసిన టీనేజ్ అమ్మాయి వేరా బ్రాండెస్ ఒప్పించింది. ఆ రాత్రి రికార్డు చేసిన దాదాపు 66 నిమిషాలు ఈసీఎం సంస్థ రెండు ఎల్పీలుగా తెచ్చింది.

ఈ కథ అందరూ చెప్పేదే. నాకు ముఖ్యమైనది దాని ఫలితం. పై స్వరాలు, కింది స్వరాలు నమ్మకూడదు కాబట్టి ఆయన ఎక్కువగా మధ్యలోనే తిరిగాడు. మంద్రం లోటు తీర్చడానికి ఎడమచేత్తో ఒకే లయను పదేపదే దంచాడు. మొదటి భాగంలో రెండే రెండు తీగస్వరాల (కార్డ్‌లు, ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మీద పన్నెండు నిమిషాలు నిలబడతాడు చూడండి, కర్ణాటక సంగీతంలో నెరవు విన్నవాళ్ళకు అది కొత్తగా అనిపించదు. ఒకే పంక్తిని పట్టుకుని, తిప్పి తిప్పి, వదలబోయినట్టు చేసి మళ్ళీ దానికే చేరడం. మధ్యమధ్య ఆయన మూలుగులు కూడా వినిపిస్తాయి. కొందరికి చిరాకు, నాకు ఇష్టం.

అయితే రెండో భాగం మధ్యలో నా ధ్యాస చెదిరింది, ఒకసారి కాదు, విన్న ప్రతిసారీ. ఇంకో చిక్కు: కథ తెలిశాక సంగీతంతోపాటు కథనూ వింటుంటాం. పాడు పియానో మీద ఎలా నెగ్గాడో అన్న ఆశ్చర్యం మొదటిసారి ఉన్నంత నాలుగోసారి ఉండదు. ఏడాది మొత్తం మీద నేను విన్నది ఆ నాలుగుసార్లే.

మూడోది జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. ఇంత పేరున్నదాన్ని ఎంచుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. 1959లో న్యూయార్క్‌లో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండు రోజుల్లో రికార్డు చేశారు. అయిదు ట్రాకులు, మొత్తం ముప్పావు గంట. మార్చి నాటి రికార్డింగు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో, మామూలు వేగంలో మోగించినప్పుడు ఎల్పీ మొదటి పక్క మూడు ట్రాకులూ అసలు శ్రుతి కన్నా కొంచెం పైన వినిపించేవి. ముప్పై ఏళ్ళు దాటాకగానీ సరిచేయలేదు. అన్నాళ్ళూ జనం ఆ తప్పు శ్రుతినే ప్రేమించారు!

ఇందులో తీగస్వరాలు గబగబా మారే జాజ్ పద్ధతిని పక్కనపెట్టి, ఒక స్వరవరస మీద చాలాసేపు నిలుస్తారు. మొదటి ట్రాకు ‘సో వాట్’లో పదహారు ఆవర్తాలు ఒక వరస, ఎనిమిది ఆవర్తాలు అదే వరస అరమెట్టు పైన, ఎనిమిది మళ్ళీ కింద. అంతే సరుకు. రాగం వినేవాళ్ళకు ఇది ఎందుకు చుట్టంలా తోస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

కోల్న్‌కీ దీనికీ మధ్య నన్ను తేల్చుకోనివ్వనిది కోల్న్ మొదటి భాగంలోని ఆ పన్నెండు నిమిషాలే. విడిగా చూస్తే ఆ పన్నెండు నిమిషాలకు సాటివచ్చేది ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో ఏదీ లేదు. కానీ కోల్న్‌లో ఒక్కడే ఉన్నాడు, ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఒక్కడినే కలుస్తాం. ఇక్కడ ఒకరి మాట ఇంకొకరు వింటున్న మనుషులున్నారు. ఒక వారమంతా పాల్ చేంబర్స్ బేస్‌ని మాత్రమే పట్టుకుని విన్నాను, అది వేరే ఆల్బమ్. మరో వారం బిల్ ఎవాన్స్ పియానో. ‘సో వాట్’లో మైల్స్ నాలుగు స్వరాలు వాయించి చోటు వదిలేస్తే, ఆ వెంటనే సాక్సఫోన్‌తో వచ్చే జాన్ కోల్ట్రేన్ ఆ చోటంతా నింపేస్తాడు. అదే సరుకు, ఇద్దరి స్వభావాలు. జిమ్మీ కాబ్ డ్రమ్స్ మీద పుల్లల బదులు బ్రష్‌లు ఎక్కడ అందుకుంటాడో ఇంకా లెక్కపెడుతున్నాను.

కాబట్టి రాత్రి ఒంటరిగా, దీపం ఆర్పి, ఒక్కసారే వినాలనుకునేవాళ్ళకు కోల్న్ ఇవ్వండి. ఎవరికైనా వాద్యసంగీతం కొత్తగా అలవాటు చేయాలంటే ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’. నా ఏడాది మాత్రం ‘కైండ్ ఆఫ్ బ్లూ’ది. యాప్ లెక్కలో అది ఆరోస్థానంలో ఉంది. అది పెట్టిన రాత్రులు గిన్నెలు తెల్లారేదాకా సింకులోనే ఉండిపోయేవి.