పాత ఈ-ఆటో సెల్స్‌తో ఇంటి బ్యాటరీ: హన్మకొండ షాపు పని ఎలా ఉందంటే

కాజీపేట లోకో షెడ్డులో ముప్పై ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. లూజు బోల్టు కనిపిస్తే ఇప్పటికీ మనసు ఊరుకోదు. అందుకే బ్యాకప్ ఎన్ని గంటలు వస్తుందన్న దానికంటే, సెల్స్‌ను ఎలా కూర్చోబెట్టారన్నదే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

పోయిన దసరాకు ఇంట్లో ఇన్వర్టర్‌కున్న మా పాత ట్యూబులర్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. హన్మకొండలో ఒక చిన్న షాపు వాళ్లు ఎలక్ట్రిక్ ఆటోల నుంచి తీసిన ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌తో ఇళ్లకు బ్యాటరీలు చేసిస్తున్నారంటే వెళ్లాను. కొత్తలో 100 ఆంపియర్ అవర్లు ఇచ్చే సెల్స్, 16 సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటి కలిపి), మొత్తం 51.2 వోల్టులు. బీఎంఎస్ (సెల్స్‌ను కనిపెట్టి కాపాడే సర్క్యూట్ బోర్డు), పెట్టె, బిగింపు కలిపి 46 వేలు.

ముందు, ఒక్కో సెల్ ఇప్పుడు ఎన్ని ఆంపియర్ అవర్లు ఇస్తుందో కొలిచిన టెస్టింగ్ షీటు అడిగాను. 11 సెల్స్ రీడింగులే ఉన్నాయి. మిగతావో అంటే, "అవి గూడ గట్లనే ఉంటయి సార్" అన్నాడు కుర్రాడు. సిరీస్‌లో అన్నిటికంటే బలహీనమైన సెల్ ఎంత ఇస్తే బ్యాటరీ అంతే ఇస్తుంది. నాలుగు రోజులు ఆగుతాను, అన్నీ కొలవండి అన్నాను. కొలిస్తే రెండు సెల్స్ 61 ఆంపియర్ అవర్ల దగ్గరే ఆగిపోయాయి. స్కేలు ఆనించి చూస్తే వాటి పక్కలు ఉబ్బి ఉన్నాయి కూడా. మారుమాట లేకుండా మార్చారు. ఇప్పుడు అన్నిటికంటే తక్కువది 76.

బిగింపులో మాత్రం వాళ్ల చేతి పని నాకు బాగా నచ్చింది. సెల్స్ నిలువుగా, వెంట్లు (లోపల గ్యాసు పెరిగితే బయటికి పోయే మూతలు) పైకి, వాటి మీద ఏదీ ఆనకుండా పెట్టారు. సెల్‌కూ సెల్‌కూ మధ్య హైలం షీటు (కరెంటు పారని గట్టి అట్ట లాంటిది) ముక్క వేశారు. పైనున్న పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఒరుసుకుని చిరిగితే అల్యూమినియం డబ్బాలు ఒకదానికొకటి తగులుతాయి మరి. రెండు చివర్లా మందపాటి ప్లేట్లు, మూలల్లో థ్రెడ్ రాడ్లు, రాడ్లకు స్లీవులు. ఛార్జింగ్‌లో సెల్ కొంచెం ఉబ్బుతుంది; ప్లేట్లు దాన్ని పట్టి ఉంచాలి గానీ నలిపేయకూడదు. బస్‌బార్ (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీ) ఆనే చోట ఎమరీ పేపర్‌తో రుద్ది, టార్క్ రెంచ్‌తో (పెట్టిన బిగువు రాగానే టక్కుమనే పానా) బిగించారు. అల్యూమినియం టెర్మినల్‌లో బలం చూపిస్తే మర పోతుంది, తక్కువైతే జాయింటు వేడెక్కుతుంది. రెంచ్ టక్కుమన్న ప్రతి బోల్టు మీదా ఆ కుర్రాడు మార్కర్‌తో గీత గీశాడు. షెడ్డులో మేం చేసినట్టే! చాలా సంతోషమేసింది.

పేచీ వచ్చింది గోడ దగ్గర. "మెట్ల కింద గోడకు కొట్టేస్తే జాగ కలిసొస్తది సార్" అన్నారు. సెల్సే 30 కిలోల పైన, ప్లేట్లు, పెట్టె కలిస్తే 50 దాకా పోతుంది. మాది నాలుగంగుళాల ఇటుక గోడ. పైగా ఏమన్నా అయితే మేం బయటికి పరుగెత్తాల్సిన దారి అదే. ఎల్‌ఎఫ్‌పీ మిగతా లిథియం రకాలకంటే నిదానమైనదే, అలాగని మంటే పట్టదని కాదు. "తమ్మీ, కిందనే పెడదాం" అని, ఉత్తరం వైపు సామాన్ల గది ఖాళీ చేసి, ఇనుప యాంగిల్ స్టాండు చేయించి నేలకు యాంకర్ బోల్టులతో బిగించాం. వాన నీళ్లు వచ్చినా తగలకుండా అర అడుగు ఎత్తు పెట్టించాను. మేడ మీద రేకుల గది ఉంది కానీ, మే నెలలో 44 డిగ్రీల దాకా పోయే ఊళ్లో బ్యాటరీని అక్కడ పెట్టడం తప్పు.

అసలు లోపం వేరే ఉంది. ప్లస్ వైపు ఇళ్లలో వాడే ఏసీ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టారు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరుచుకున్నప్పుడు లేచే ఆర్క్ (నిప్పు మెరుపు) ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీకి ఆ సున్నా లేదు, ఆర్క్ సాగుతూనే ఉంటుంది. ఆ రోజు స్విచ్ వేయనివ్వలేదు. మర్నాడు డీసీ రేటింగ్ ఫ్యూజు తెచ్చి ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో పెట్టారు. అడగకుండానే చేయాల్సిన పని ఇది. ఐదు స్టార్లలో ఒకటి ఇక్కడే తీసేస్తున్నాను. టెంపరేచర్ సెన్సార్ కూడా పెట్టె మూతకు అంటించారు. నేను చెప్పాక మధ్య సెల్స్ సందులోకి మార్చారు.

ఛార్జింగ్ 55.2 వోల్టుల దగ్గర, అంటే సెల్‌కు 3.45 దగ్గర ఆగేలా పెట్టించాను. మూడు ఫ్యాన్లు, లైట్లు, వైఫై, ఫ్రిజ్‌తో ఆరు గంటలు వస్తోంది. ఈ ఎండాకాలంలో సెన్సార్ 39 దాటలేదు.

మూడు నెలలకు చూసిపోతామన్నారు, చెప్పిన రోజే వచ్చారు. పెట్టె తెరిచి గీతలన్నీ చూస్తే ఒక్క బోల్టు దగ్గర గీత తప్పి ఉంది, అంటే అది కొంచెం తిరిగింది. రెంచ్‌తో బిగించి, పాత గీత చెరిపి కొత్తది గీశారు.