ఫాస్ఫేట్‌కు పగ్గం వేసేది ఏది? నాచా, ఇనుప గుళికలా, లాంథనమా?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే చాలావరకు పగడాలు హాయిగా ఉంటాయి. బాగా పెరిగితే రాళ్ల మీద నాచు తలెత్తుతుంది, గట్టి పగడాల ఎదుగుదల మందగిస్తుంది. సున్నాకు దించితే మరో తంటా: పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవుల జిగురు ఇసుకను కమ్మేస్తుంది. అందుకే ఏ పద్ధతైనా నెమ్మదిగా దించగలదా అని ముందు చూస్తాను.

జీఎఫ్‌ఓ, అంటే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, ఆ పరీక్షలో కాస్త వెనకబడుతుంది. ఫాస్ఫేట్ గుళికలకు గంటల్లోనే అంటుకుంటుంది. డబ్బా మీద రాసిన మోతాదంతా ఒకేసారి పోస్తే అంకె పాతాళానికి పడిపోతుంది, ఎక్రోపొరా అనే గట్టి పగడం కొమ్మల చివర్లు మాడిపోవచ్చు. పావు వంతుతో మొదలుపెడితే చాలు. గుళికలు నిండిపోయాక మార్చాలి కాబట్టి ఖర్చు మాత్రం ఆగదు.

నా ఓటు సంప్‌లో, అంటే ట్యాంకుకు కలిపిన పక్క తొట్టిలో, పెంచే కీటో అనే నాచుకే. అది ఫాస్ఫేట్‌తో పాటు నైట్రేట్‌నూ తింటుంది. గుప్పెడు నాచు తీసి పారేస్తే ఆ రెండూ ట్యాంకు దాటినట్టే. దీపం రాత్రిపూట వెలిగిస్తే మరో లాభం. వేసవిలో ఏసీ వేసి తలుపులు బిగించుకునే మన హైదరాబాద్ ఫ్లాట్లలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ట్యాంకు పీహెచ్ పడిపోతుంటుంది, రాత్రి ఇంకా ఎక్కువగా. ఆ వేళ నాచు దాన్ని పీల్చుకుంటుంది. దీపం ఎల్‌ఈడీదే పెట్టండి, మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్‌కు ఉన్న పని చాలు. నైట్రేట్ సున్నా అయితే మాత్రం నాచు ఎదగదు, ఫాస్ఫేట్ కదలదు.

లాంథనం క్లోరైడ్ చవక, బలమైనది. ఫాస్ఫేట్‌ను తెల్లని పొడిగా మార్చేస్తుంది. ఆ పొడిని 5 నుంచి 10 మైక్రాన్ల ఫిల్టర్ సాక్‌తో (వడపోత సంచితో) పట్టకపోతే చేపల మొప్పలకు ముప్పు, టాంగ్ జాతి చేపలకు మరీ. పాత రాళ్లను వేరే తొట్టిలో శుభ్రం చేయడానికైతే దీన్ని మించింది లేదు. చేపలున్న ట్యాంకులో నేను వాడను.

ఏది వాడినా కొన్నాళ్లకు అంకె మళ్లీ పైకి లేస్తే మందును తిట్టకండి. రాళ్లు, అరగొనైట్ ఇసుక తాము దాచుకున్న ఫాస్ఫేట్‌ను తిరిగి వదులుతాయి.

వీటన్నిటికన్నా ముందు టాప్-అప్ నీటిని, అంటే ఆవిరైనదానికి బదులు పోసే నీటిని, పరీక్షించండి. ఎండాకాలం రోజూ నీళ్లు ఆవిరవుతాయి, ఫాస్ఫేట్ మాత్రం ట్యాంకులోనే మిగులుతుంది. పోసే ప్రతి లీటరూ ఇంకొంచెం తెస్తుంది. వంటింటి ఆర్వోల్లో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కలిపే ఏర్పాటు ఉంటుంది, అంటే వడకట్టని లవణాలు కొన్ని తిరిగి నీళ్లలో చేరతాయి. ట్యాంకు కోసం మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న ఆర్వో విడిగా పెట్టుకుని, మీటరులో టీడీఎస్ సున్నా చూపిన నీటినే పోయండి.