అప్లైడ్ ఆర్ట్‌లో ఇలస్ట్రేషన్ చదువు: నా అనుభవం

హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇలస్ట్రేషన్, అంటే కథలకు, పుస్తకాలకు బొమ్మలు గీసే విద్య, ప్రత్యేక శాఖ కాదు. నాలుగేళ్ల లలితకళల డిగ్రీ బీఎఫ్‌ఏలో, ప్రకటనలు, పుస్తకాల వంటి వాటికి పనికొచ్చే కళను నేర్పే అప్లైడ్ ఆర్ట్ శాఖలో భాగంగానే దాన్ని నేర్చుకోవాలి. నాకది లోటనిపించలేదు, ఎందుకంటే అక్షరాల తీరు, పేజీ అమరిక, అచ్చు పద్ధతి తెలియకుండా గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా పుస్తకంలోకి చేరేసరికి కథకు అడ్డుపడుతుందని అక్కడే అర్థమైంది. ఒక పిల్లల కథ కోసం తాటాకు పందిరి కింద కూర్చున్న అవ్వను ఇండియన్ ఇంకుతో పదకొండుసార్లు గీశాను. ముఖం చక్కగా కుదిరినా, కథావాక్యం రావలసిన చోటును ఖాళీగా వదలలేదని గురువుగారు పెన్సిలుతో చిన్న గడి గీసి చూపించారు. నా చదువంతటిలో ఆ గడిని మించిన పాఠం లేదు. చేరదలచినవారు జ్ఞాపకం నుంచి మనుషులను గీయడం ముందుగానే సాధన చేయాలి. కంప్యూటరు తరువాతైనా నేర్చుకోవచ్చు.