జాగ్రత్త: అరచేతిలో పట్టే కప్పీల సెట్టు, డబ్బా మీద మాత్రం ‘2000 పౌండ్లు’

ఎల్క్, మూస్ (రెండూ భారీ జింకలు) లాంటి పెద్ద వేటజంతువు పడ్డాక దాన్ని ఎత్తడానికీ లాగడానికీ అని అమ్ముతున్న తేలికపాటి తాడు-కప్పీల సెట్టు కొనబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. చిన్న సంచిలో రెండు ప్లాస్టిక్ జంట కప్పీలు (ఒక్కోదానిలో రెండు చక్రాలు), 4 మిల్లీమీటర్ల తాడు, రెండు కొక్కేలు. డబ్బా మీద ‘2000 పౌండ్లు’, ‘4:1’ (నాలుగో వంతు బలంతోనే ఎత్తొచ్చని) అని పెద్ద అంకెలు. అసలు పని దగ్గర ఆ రెండు అంకెలూ నిలబడవు.

2000 పౌండ్లంటే 907 కిలోలు. అది నిశ్చింతగా ఎత్తగల బరువో, తెగిపోయే బరువో డబ్బా మీద ఉండదు. రాయలేదంటే తెగే బరువనే లెక్కేసుకోండి. ఎత్తే పనిలో కనీసం 5 రెట్ల వెసులుబాటు ఉంచుకుంటే మిగిలేది 181 కిలోలే. మగ ఎల్క్ 300 కిలోలు దాటడం మామూలు, పెద్ద మూస్ 500 దాటుతుంది. పైగా ఆ 907 కొక్కేనిదా, కప్పీదా, తాడుదా? యూరప్ ప్రమాణం ప్రకారం 4 మిల్లీమీటర్ల తాడు 3.2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 326 కిలోలు తట్టుకుంటే చాలు. ముడి వేస్తే అందులో మూడో వంతు, ఒక్కోసారి సగం పోతుంది. కప్పీల మధ్య తాడు నాలుగు వరుసలూ బరువు పంచుకుంటాయి, నిజమే. కానీ చెట్టుకు కట్టే లూప్ మీద మొత్తం బరువూ, దానికి తోడు మీరు కిందికి లాగే బలమూ పడతాయి. ఈ సెట్లలో ఆ లూప్ కూడా అదే సన్నతాడుతో ఇస్తున్నారు. తెగితే అక్కడే తెగుతుంది.

ఇక 4:1 సంగతి. అది రాపిడి లేని కప్పీకి కాగితం మీద వేసిన లెక్క. 300 కిలోలకు 75 కిలోల లాగుడు చాలంటారు. మంచి బాల్ బేరింగ్ కప్పీ ఒక్కో చక్రం దగ్గర పదో వంతు బలం తింటుంది. తాడు నాలుగు చక్రాలు దాటి మీ చేతికొచ్చేసరికి దాదాపు 97 కిలోలు లాగాలి. బేరింగ్ లేకుండా బోల్టు మీదే తిరిగే ప్లాస్టిక్ చక్రం 30 శాతం దాకా తినేస్తుంది. అప్పుడు 169 కిలోలు! కిందికి లాగే మనిషి తన ఒంటి బరువుకు మించి లాగలేడు. సెట్టు తెగకముందే పని ఆగిపోయేది ఇందుకే.

అన్నిటికన్నా ప్రమాదం వేరే ఉంది. బరువు పడగానే చక్రానికి అటూఇటూ ఉండే పలచని పక్కరేకులు విచ్చుకుంటాయి, సన్నతాడు చక్రం మీంచి జారి రేకు సందులో ఇరుక్కుంటుంది. ఇక కళేబరం పైకీ రాదు, కిందికీ దిగదు. తాడు విడిపించాలని దాని కిందికి అస్సలు వెళ్లకండి. వేరే తాడుతో బరువు ఆపి, అప్పుడు దించండి. కొనేముందు చక్రానికీ రేకుకూ మధ్య సందు చూడండి, తాడు మందంలో సగం కూడా ఉండకూడదు. చక్రం వ్యాసం తాడుకు 8 రెట్లుంటే తాడు నలగదు.

తాడును పట్టి ఆపే పంటి క్లచ్ కప్పీలు ఏ మందానికి చేశారో చూసి కొనాలి. ఎక్కువవి 8 నుంచి 11 మిల్లీమీటర్లకే. అంతకన్నా సన్నతాడు జారుతుంది, బరువు మరీ ఎక్కువైతే పళ్లు తాడు తొడుగును చీరేస్తాయి. చలిలో తడి, నెత్తురు పళ్ల మధ్య గడ్డకడితే పట్టు ఉండదు.

తాడు రకంలోనూ మోసపోతున్నారు. పారాకార్డ్ (పారాచూట్ తాడు లాంటి సన్న నైలాన్ తాడు) 250 కిలోల దగ్గర తెగుతుంది, అంతలోపే బాగా సాగుతుంది. మీరు మీటరు లాగితే బరువు కదలదు, తాడే సాగుతుంది. తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, ఆ వరుసలో ఎవరూ నిలబడకూడదు. డైనీమా అనే ప్లాస్టిక్ పీచు తాడు సన్నగా, గట్టిగా ఉంటుంది కానీ నున్నన. మామూలు ముడులు జారతాయి, దాని మీద ప్రూసిక్ ముడి (తాడు చుట్టూ సన్నతాడు చుట్టి వేసే, బరువు పడితే బిగిసి పట్టుకునే ముడి) నిలవదు, 150 డిగ్రీల లోపే కరుగుతుంది. నైలాన్ తడిస్తే బలం తగ్గుతుంది. ఈ పనికి పాలిస్టర్ తొడుగున్న, సాగని 8 మిల్లీమీటర్ల తాడు మేలు. చేత్తో పట్టు దొరికేది కూడా ఆ మందం నుంచే. సన్నతాడును చేతికి చుట్టుకోవద్దు, కర్రకు చుట్టి లాగండి.

పొడవు మరో దెబ్బ. 3 మీటర్లు ఎత్తాలంటే కప్పీల మధ్యే 12 మీటర్లు, చేతికి దిగే భాగం మరో 3, ముడులకు కొంత, మొత్తం 16 మీటర్లు. 8 మీటర్ల తాడున్న సెట్టుతో గట్టిగా మీటరు ఎత్తగలరు.

విడిగా కొనుక్కుంటే కాస్త బరువెక్కుతుంది, అయినా అదే సరైనది. బేరింగ్ ఉన్న రెండు అల్యూమినియం జంట కప్పీలు, ఎంత బరువు తట్టుకుంటాయో కిలోన్యూటన్లలో ముద్ర ఉన్న లాక్ కారబైనర్లు (తెరిచి మూసే లోహపు కొక్కేలు) మూడు, చెట్టుకు 22 కిలోన్యూటన్ల పట్టీ స్లింగులు రెండు, 8 మిల్లీమీటర్ల తాడు మీదికి 5 మిల్లీమీటర్ల ప్రూసిక్ లూపులు రెండు. ప్రూసిక్ మూడు చుట్లు వేయండి. తాళంచెవుల కారబైనర్ ఒక్కటి కూడా కలపకండి.

మూస్‌ను మొత్తంగా ఎత్తాలనుకోవడమే అనవసరం. పక్కకు తిప్పడానికి, కాలు తెరిచి పట్టడానికి కప్పీలు వాడి, తొడలు విడదీసి ఒక్కోటి ఎత్తండి. నేల మీద లాగాలంటే తలవైపు నుంచి లాగండి, వెంట్రుకల వాలుకు పోతుంది. ముందుకాళ్లు మెడకు కట్టేస్తే పొదలకు తగులుకోవు. వాలులో దించేటప్పుడు వెనక నుంచి మరో తాడు చెట్టుకు చుట్టి కొద్దికొద్దిగా వదలాలి.

సెట్టు ఇప్పటికే కొనేసి ఉంటే, వాపసు గడువు దాటకముందే పరీక్షించండి. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు మూడు కలిపి కట్టి, నేలకు జానెడు ఎత్తులోనే ఉంచండి. లాగే కొసకు సామాను తూచే కొక్కెం తూనిక తగిలించి నెమ్మదిగా లాగుతూ అంకె చూడండి. 20 కిలోల దగ్గర కదిలితే కప్పీలు మంచివి. 30 దాటితే తిరిగి పంపేయండి.